నూనె పట్టించిన జారుడు ట్యూబులు ఆవిరిలో ఎన్నాళ్లు ఆగుతాయి? ఆ నూనె ఎటు పోతోంది?

వంశధార_గుణుపురం | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రాగి ట్యూబు బయటి వైపు నానో గరుకు తెప్పించి, ఫ్లోరో సిలేన్ (నూనె అంటిపెట్టుకుని ఉండేలా చేసే పలచటి రసాయన పొర) వేసి, దానికి సిలికోన్ నూనె పట్టించి ఆవిరి గదిలో పెట్టాను, ఆవిరి దాని మీద చల్లబడి నీరవుతుంది. మొదట్లో చుక్కలు మిల్లీమీటరు సైజుకి కూడా రాకుండానే జారిపోతున్నాయి. 30 గంటలు దాటేసరికి ట్యూబు కింది సగం మీద నీళ్లు పొర కట్టేస్తున్నాయి. పై సగం ఇంకా చుక్కలే.

ట్యూబు: 19.05 మి.మీ. బయటి వ్యాసం, ఆవిరి తగిలే పొడవు 200 మి.మీ., అడ్డంగా బిగించి ఉంది.
ఆవిరి: 60 డిగ్రీలు, అబ్సల్యూట్ గేజి 20.6 కిలోపాస్కల్ చూపిస్తోంది.
వేడి: 600 వాట్లకి అటూ ఇటూ.
నూనె: 100 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) సిలికోన్. ముంచి తీసి రాత్రంతా నిలువుగా వేలాడదీశాను. బరువు 62 మిల్లీగ్రాములు పెరిగింది.

100 తీసేసి 1000 సెంటీస్టోక్స్ వేస్తే ఆగుతుందా? లేక కింద గరుకే పాడయిందా?

---

నాగావళి_బాయిలర్ (రాయగడ) | సోమవారం, రాత్రి 10:25

బాబూ, ముందు నీ అంకెలే చూడు. ఆ ట్యూబు వైశాల్యం 120 చదరపు సెంటీమీటర్లు. ఒక మైక్రాను మందం నూనె అంటే 0.012 సీసీ, అంటే సుమారు 11.6 మి.గ్రా. నీకు పట్టింది 62. సగటున 5.3 మైక్రాన్లు! గరుకులో ఉండే రాగి ఆక్సైడు కత్తుల (కత్తుల్లా నిలబడే సన్న రేకుల) ఎత్తు మైక్రానుకి అటూ ఇటూ ఉంటాది. మిగతా నాలుగు మైక్రాన్లు కత్తుల మధ్యన లేదు, పైన ఊరికే కూర్చుంది. దాన్ని పట్టుకుని ఉంచేదేదీ లేదు, మొదటి చుక్కలతోనే బేగి పోతాది. నీకు ముచ్చటగా కనిపించిన మొదటి గంటలు ఈ అదనపు నూనె పుణ్యమే.

రెండోది గేజి. 60 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 19.9 కిలోపాస్కల్. నీది 20.6. ఆ 0.7 తేడా ఏటి? థర్మామీటరు ముప్పావు డిగ్రీ తక్కువ చూపినా ఇంతే తేడా వస్తాది కాబట్టి ముందు దాన్ని సరిచూడు. అది బాగుంటే మాత్రం లోపల గాలి ఉన్నట్టే, ఘనపరిమాణంలో మూడు శాతం పైచిలుకు. డ్రాప్‌వైజులో (ఆవిరి పొరగా కాక చుక్కలుగా నీరైనప్పుడు) అర శాతం గాలి కూడా వేడి బదిలీని సగానికి లాగేయగలదు. గాలి తీయకుండా పూత మీద తీర్పు చెప్పొద్దు.

---

తలతన్యత_బరంపురం | సోమవారం, రాత్రి 11:10

కింది సగమే ఎందుకు పోయిందనేది మంచి ప్రశ్న. చాలామంది "బరువుకి నూనె కిందికి కారిపోయింది" అనేస్తారు. కారితే పై సగం ముందు ఎండాలి కదా, ఇక్కడ జరిగింది తలకిందులుగా. అసలు నానో గరుకులోంచి భూమ్యాకర్షణ నూనెని లాగలేదు. సందు వ్యాసార్థం అర మైక్రాను అనుకుని కేశనాళిక ఎత్తు (సన్న సందు ద్రవాన్ని బరువుకి ఎదురుగా పట్టి ఉంచగల ఎత్తు) కడితే సిలికోన్ నూనెకి ఎనిమిది మీటర్లకు పైగా వస్తుంది. మీ ట్యూబు రెండు సెంటీమీటర్లు.

నూనెని తీసుకుపోయేవి చుక్కలే, రెండు దారుల్లో.

ఒకటి, ముసుగు. నీటి తలతన్యత 72 (మిల్లీన్యూటన్/మీటరు, గది వేడిలో), సిలికోన్ నూనెది 21, రెండింటి మధ్య హద్దుది 40కి అటూ ఇటూ. 72 లోంచి మిగతా రెండూ తీసేస్తే ధన సంఖ్యే మిగులుతుంది. అంటే నూనె తనంతట తానే చుక్క మీదికి పాకి పలచటి దుప్పటిలా కప్పేస్తుంది. రాలే ప్రతి చుక్కా ఆ దుప్పటితోనే పోతుంది. పైగా దుప్పటి కప్పుకున్న చుక్క ఆవిరిని నేరుగా తాగలేదు, ఎదుగుదల మందగిస్తుంది. పక్క చుక్కతో కలవడానికీ తటపటాయిస్తుంది.

రెండు, గట్టు. చుక్క అంచు నూనెని కొంచెం పైకి లాగి చుట్టూ వరి మడి గట్టులా నిలబెడుతుంది. ఆ గట్టు లోపలికి వంగి ఉంటుంది కాబట్టి అక్కడ పీడనం తక్కువ. చుట్టుపక్కల పొరలోంచి నూనెని అది పీలుస్తూనే ఉంటుంది. చుక్క ఎంతసేపు కూర్చుంటే గట్టు అంత లావు. మీ ట్యూబు పై భాగంలో చుక్క వెంటనే జారిపోతోంది. కింది అంచున మాత్రం వేలాడుతూ, పైనుంచి వచ్చినవాటిని కలుపుకుంటూ నాలుగైదు మిల్లీమీటర్లయ్యేదాకా ఉండి అప్పుడు తెగుతుంది. తెగినప్పుడు గట్టులో కొంత దానితోనే. కింది సగం ముందు బోసిపోవడానికి కారణం అదే.

---

వంశధార_గుణుపురం | మంగళవారం, ఉదయం 7:05

అర్థమైంది గురువుగారూ. మరి ముసుగు వేయని నూనె వాడితే?

---

తలతన్యత_బరంపురం | మంగళవారం, ఉదయం 8:30

వాడొచ్చు, కానీ ఒక చిక్కు తీరితే ఇంకో చిక్కు. ఖనిజ నూనె తలతన్యత 28 దాకా, నీటితో హద్దు 50 దాకా. మొత్తం 72 దాటింది, ముసుగు లేదు. కానీ నీటి కింద ఘనపదార్థాన్ని అంటిపెట్టుకుని ఉండే గుణం దానికి సిలికోన్ అంత బలంగా ఉండదు. సిలేన్ కొంచెం సడలినా నీరు దాన్ని తోసేసి గరుకులోకి దిగిపోతుంది. ఎంఐటీలో వారణాసి బృందం 2012లో చేసిన సంఘనన పరీక్షల్లో క్రైటాక్స్ (పీఎఫ్‌పీఈ అనే ఫ్లోరిన్ నిండిన జాతి నూనె) చుక్కని కప్పేసింది. కప్పని ద్రవంగా వాళ్లు అయానిక్ ద్రవం (ద్రవంగా ఉండే లవణం) వాడారు, చుక్కల కదలిక బాగా మెరుగైంది. అయితే అలాంటి ద్రవాలు కొద్దిగానైనా నీట్లో కరుగుతాయి. గంటకి కిలోలకొద్దీ శుద్ధమైన నీరు కడిగేచోట "కొద్దిగా" అన్న మాటకి విలువ లేదు.

ఈ జారుడు ఆలోచన పురుగుల్ని జార్చి పట్టే పిచ్చర్ మొక్కది. మన దేశంలో మేఘాలయ కొండల్లో పెరిగే నెపెంథిస్ ఆ జాతిదే. 2011లో హార్వర్డ్‌లో ఐజెన్‌బర్గ్ బృందం నేచర్‌లో దీన్ని చూపించింది. మొక్క అంచు తడిగా ఉండటానికి వానా మంచూ ఎప్పటికప్పుడు నీళ్లు పోస్తాయి. మన ట్యూబుకి నూనె ఎవరు పోస్తారు?

---

మహేంద్రగిరి_88 (పర్లాకిమిడి) | మంగళవారం, ఉదయం 10:15

చిక్కటి నూనె మాట తేల్చనేలేదు. నా లెక్కలో 1000 మంచిదే. గట్టులోకి నూనె పారే వేగం స్నిగ్ధతకి విలోమం. చుక్క అక్కడున్న కాసేపట్లో చేరే నూనె తగ్గుతుంది. 5 సెంటీస్టోక్స్ లాంటి పలచటివి అయితే శూన్యంలో ఆవిరైపోతాయి కూడా.

---

తలతన్యత_బరంపురం | మంగళవారం, ఉదయం 11:00

సగం ఒప్పుకుంటాను. చిక్కటి నూనె ఎక్కువ రోజులు ఆగుతుంది, నిజం. కానీ చుక్క జారే వేగం కూడా అదే లెక్కలో పడిపోతుంది. ఇంకో తంటా, 1000 సెంటీస్టోక్స్ నూనెని ముంచి తీస్తే పైన మిగిలే పొర మరీ మందం. తీసే వేగం, స్నిగ్ధత రెండూ పెరిగిన కొద్దీ పొర మందమవుతుంది. అదనం కారిపోవడానికి 100కి ఒక రోజు నిలువుగా వేలాడదీస్తే కొంత మెరుగు, 1000కి వారం పెట్టినా తృప్తిగా ఉండదు. హెక్సేన్‌లో 5 శాతం కలిపి ముంచి, హెక్సేన్ ఎగిరిపోనిస్తే పలచగా పడుతుంది. ఫ్యూమ్ హుడ్ (రసాయన ఆవిర్లు బయటికి లాగేసే గూడు) కింద చేయండి, చుట్టుపక్కల మంట, హీటరు ఏవీ ఉండకూడదు.

---

నాగావళి_బాయిలర్ (రాయగడ) | మంగళవారం, మధ్యాహ్నం 1:20

మీరిద్దరూ గంటలూ రోజులూ అంటున్నారు. గంటలు ఒగ్గీయండి, కిలోలు లెక్కెట్టండి. పూత ఎన్ని గంటలు ఆగింది అన్నది చదరపు మీటరుకి ఎంత వేడి పోతోందన్నదాన్ని, అంటే ఫ్లక్స్‌ని బట్టి మారిపోతాది. చదరపు మీటరుకి ఎన్ని కిలోల కండెన్సేట్ (ఆవిరి చల్లబడి వచ్చిన నీరు) రాలిస్తే పోయింది, అదీ అసలు లెక్క.

చదరపు మీటరుకి 50 కిలోవాట్లు తీసుకోండి (ఈ బాబు రిగ్ కూడా అంతే). 60 డిగ్రీల దగ్గర గుప్తోష్ణం కిలోకి 2358 కిలోజౌళ్లు. గంటకి 76 కిలోల నీరు. ఒక మైక్రాను నూనె అంటే చదరపు మీటరుకి ఒక సీసీ, 0.97 గ్రాములు. రాలే నీరు పది లక్షల వంతుల్లో ఒక వంతు నూనె, అంటే 1 పీపీఎం, పట్టుకుపోయిందనుకోండి. గంటకి 76 మి.గ్రా. పదమూడు గంటల్లో కథ ముగిసింది.

ఏడాది నిలవాలంటే? ఏడాదికి ఆ ఒక్క చదరపు మీటరు మీద 666 టన్నుల నీరు రాలతాది. 0.97 గ్రాముల్ని దానికి పంచితే టన్నుకి ఒకటిన్నర మిల్లీగ్రాము. అంతకంటే ఎక్కువ పోకూడదు. కరెంటు ప్లాంటు కండెన్సర్లో (టర్బైన్ దాటిన ఆవిరిని నీరు చేసేది) ఫ్లక్స్ సగమే అనుకున్నా టన్నుకి 3 మి.గ్రా. చుక్క మీద కంటికి కనిపించని దుప్పటి ఉన్నాక ఈ అంకె ఎలా వస్తాది? అందుకే పత్రికల్లో "మన్నికైన" అని రాసినప్పుడల్లా నేను ముందు ఫ్లక్స్ ఎంతో, నూనె నిల్వ ఎంతో వెతుకుతాను.

ఇక పోయిన నూనె ఎటు పోతాది? కండెన్సేట్‌లోకి, అక్కణ్ణించి పాలిషర్ రెజిన్ (నీటిని శుద్ధి చేసే గుళికలు) మీదికి, బాయిలర్లోకి. సిలికోన్ నూనె బరువులో 81 శాతం దాకా సిలికాగా మారగలదు. 1 పీపీఎం నూనె అంటే 0.8 పీపీఎం సిలికాకి ముడిసరుకు. హై ప్రెషర్ యూనిట్లో టర్బైన్‌కి వెళ్లే ఆవిరిలో సిలికా 20 పీపీబీ (పీపీబీ అంటే పీపీఎంలో వెయ్యో వంతు) దాటకూడదని అందరూ కిందా మీదా పడతారు. నలభై రెట్లు! బ్లేళ్ల మీద గాజు పేరుకుంటాది. పీఎఫ్‌పీఈ అయితే సూపర్‌హీటర్ 540 డిగ్రీలు తట్టుకోలేదు, విరిగి ఫ్లోరిన్ ఆమ్లాలు ఒగ్గుతాది.

ఇంకొక మోసం. ప్లాంటు సిలికా ఎనలైజర్ ఈ నూనెని చూడలేదు. మాలిబ్డేటు రంగు నీట్లో కరిగిన సిలికాకే వస్తాది, సిలికోన్ నూనెకి రాదు. "సిలికా నార్మల్" అని చూసీసి సంతోషపడిపోతారు. నమూనాని ముందు జీర్ణం చేసి (పూర్తిగా విడగొట్టి) ఐసీపీలో (మూలకాలని కొలిచే పరికరం) మొత్తం సిలికాన్ చూడాలి.

---

కొలాబ్_ట్యూబు (జైపూర్) | మంగళవారం, సాయంత్రం 6:45

నాగావళి గారి లెక్కకి నాది కూడా జతచేస్తాను. ఇంత కష్టపడి వచ్చే లాభమెంత? కండెన్సర్లో వేడికి అడ్డాలు ఇవీ. లెక్క సులువుగా ఉండటానికి నిరోధాన్ని పాయింట్లలో రాస్తున్నాను. ఒక పాయింటు అంటే చదరపు మీటరు-డిగ్రీ/వాట్‌లో లక్షో వంతు. బ్రాకెట్లలో వాట్లు చదరపు మీటరుకి, డిగ్రీ తేడాకి. లోపలి, బయటి వైశాల్యాల తేడా వదిలేశాను.

బయట ఆవిరి పొర (10,000 వాట్లు): 10 పాయింట్లు
స్టెయిన్‌లెస్ గోడ, 0.7 మి.మీ.: 4.7
లోపల మురికి, శుభ్రంగా ఉన్నప్పుడు: 5
లోపల నీళ్లు (7,000 వాట్లు): 14.3

మొత్తం 34. యూ విలువ (అన్ని అడ్డాలూ దాటే వేడి, అదే వాట్లలో) 2,940. ఇప్పుడు బయట డ్రాప్‌వైజ్ చేసి 50,000 తెచ్చామనుకోండి. 10 పోయి 2 వస్తుంది. మొత్తం 26, యూ 3,850. ముప్పై శాతం లాభం, బాగానే ఉంది. కానీ నూనెకీ నిరోధం ఉంది. పీఎఫ్‌పీఈ ఉష్ణవాహకత 0.09 మాత్రమే. రెండు మైక్రాన్లుంటే 2.2 పాయింట్లు, లాభం ఇరవై శాతానికి దిగింది. పది మైక్రాన్లుంటే 11 పాయింట్లు, మొత్తం 37. మామూలు ట్యూబు కంటే హీనం! "నూనె ఎక్కువ పోస్తే ఎక్కువ రోజులు" అనేవాళ్లు ఈ ముక్క చూడాలి.

ఇంకో పక్క, మన ప్లాంట్లలో లోపలి మురికి 5 దగ్గర ఎక్కడుంది? కూలింగ్ టవర్ నీటికి డిజైన్లో వేసుకునేదే 17.6. అప్పుడు మొత్తం 46.6, యూ 2,150. ఆ మురికి ట్యూబుకి జారుడు పూత వేస్తే (నూనె నిరోధం సున్నా అనుకున్నా) 2,590. పూత లేకుండా, ట్యూబుల లోపల నీటితో పాటు స్పాంజి బంతులు తిప్పి మురికిని 5కి దింపితే 2,940. బంతుల ధర నేను చెప్పక్కర్లేదు.

పైగా ఒక్క ట్యూబు రిగ్‌లో కనిపించనివి అసలు కండెన్సర్లో రెండున్నాయి. పై వరసలకి ఆవిరి దూకుడుగా తగులుతుంది. ప్రవాహపు కోత (పారేది ఉపరితలాన్ని రాసుకుంటూ లాగే బలం) నూనెని ఎంత దూరం దాకా ఉంచుతుందో 2015లో వెక్స్‌లర్, జకోబి, స్టోన్ కొలిచి చూపించారు. కోత ఎంత పెరిగితే నూనె నిలిచే పొడవు అంత తగ్గుతుంది. కాబట్టి గరుకులో మొదటినుంచి చివరిదాకా ఒకే గాడి ఉండకూడదు, మధ్య మధ్య అడ్డుకట్టలుండాలి. ఇక కింది వరసల మీద పై వరసల నీరంతా వాన కురిసినట్టు పడుతుంది. ఒక్కో ట్యూబు తన నీరే కాక పై ఇరవై ట్యూబుల నీళ్లతో కడుక్కుంటుంది.

---

మొగలిరేకు_గంజాం | మంగళవారం, రాత్రి 8:20

పెద్దవాళ్ల టర్బైన్ల మధ్యకి వస్తున్నాను, ఏమీ అనుకోకండి. మా వైపు మొగలి పువ్వు డిస్టిలేషన్ రాగి డేగులోనే (మరిగించే పెద్ద పాత్ర) చేస్తారు. ఆవిరి వెళ్లి నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టిన రాగి భప్కాలో చల్లబడుతుంది. దాని లోపల ఈ పూత వేస్తే బేగి చల్లబడి కట్టె ఖర్చు తగ్గుతుందా?

---

తలతన్యత_బరంపురం | మంగళవారం, రాత్రి 9:00

వద్దు. మొగలి సువాసనలో ప్రధానమైనది ఫినైల్ ఈథైల్ మీథైల్ ఈథర్. అది, దానితో ఉండే టెర్పీన్లు సిలికోన్, ఖనిజ నూనెల్లో హాయిగా కలిసిపోతాయి. అంటే మీ రూహ్ (మొగలి పరిమళ తైలం) పూతలోకి, పూత మీ రూహ్‌లోకి. మొగలి నీళ్లు మిఠాయిల్లో, బిర్యానీలో వేస్తారు కూడా. పీఎఫ్‌పీఈ కలవదు కానీ తినే సరుకులో శాశ్వత రసాయనం జాడ ఎందుకు?

---

కొలాబ్_ట్యూబు (జైపూర్) | మంగళవారం, రాత్రి 9:25

లాభం కూడా లేదు. కదలని తొట్టి నీటి వైపు 600 వాట్లే అనుకోండి, అది 167 పాయింట్లు. లోపల ఆవిరి పొర 8,000 అయితే 12.5 మాత్రమే. లోపలి నిరోధం పూర్తిగా మాయం చేసినా ఏడు శాతం. ఆ తొట్టి నీళ్లని కర్రతో కలిపినా, కింద చన్నీళ్లు వదిలి పైనుంచి వేడినీళ్లు పొర్లనిచ్చినా అంతకు ఎన్నో రెట్లు వస్తుంది.

---

మొగలిరేకు_గంజాం | మంగళవారం, రాత్రి 9:40

కర్రే మేలన్నమాట. సంతోషం అన్నా.

---

బాక్సైట్_దుమ్ము (దామన్‌జోడి) | బుధవారం, ఉదయం 6:50

ఏసీ కాయిల్ ఫిన్నుల మీద వేస్తే నీళ్లు ఆగకుండా జారతాయి కదా?

---

మహేంద్రగిరి_88 (పర్లాకిమిడి) | బుధవారం, ఉదయం 7:30

మీ పేరులోనే జవాబుంది. తడి నూనె మీద దుమ్ము అంటుకుంటే బురదే. ఫిల్టరు చేసిన గాలి, మూసిన డక్టు అయితే ఆలోచించొచ్చు.

---

వంశధార_గుణుపురం | బుధవారం, రాత్రి 9:15

రిగ్‌ని రాత్రంతా శూన్యంలో వదిలి చూశాను, గాలి కారుతోంది. ఫ్లాంజి ఓ-రింగు మారుస్తున్నాను. ఇప్పుడు అసలు అనుమానం: పోయింది నూనా, సిలేనా అని ఎలా తేల్చాలి?

---

తలతన్యత_బరంపురం | బుధవారం, రాత్రి 10:30

చవకైన పరీక్ష ఒకటుంది. పోయిన ట్యూబుని ఆరబెట్టి, సిలేన్ ముట్టకుండా నూనె మాత్రం మళ్లీ పట్టించండి. మళ్లీ ఇంచుమించు అన్నే కిలోల నీరు రాలేదాకా నడిస్తే పోయింది నూనె. జారుడు వచ్చినట్టే వచ్చి గంటలో పోతే సిలేన్ ఊడింది. నూనె పట్టిన చిన్న ముక్కని నీట్లో ముంచి లెన్సుతో చూడండి. నూనె పరుచుకునే ఉంటే సరే. చిన్న చిన్న ముత్యాల్లా ముడుచుకుంటే నీరు రాగి ఆక్సైడుని గెలిచిందని అర్థం. రాగి ఆక్సైడుకీ సిలేన్‌కీ మధ్య బంధాన్ని వేడి నీరు మెల్లగా తెంపుతూనే ఉంటుంది. నూనె ఎంత మంచిదైనా ఈ గడియారం ఆగదు. సిలేన్ బదులు స్టియరిక్ ఆమ్లం చవక కానీ ఆవిరిలో ఇంకా త్వరగా వదిలేస్తుంది.

తయారీలో తప్పులు ఎక్కువ దొర్లే చోట్లు చెబుతాను. గరుకు తెప్పించే స్నానానికి (ట్యూబుని ముంచే వేడి ద్రావణానికి): లీటరు డీఅయనైజ్డ్ నీటికి సోడియం క్లోరైట్ 37.5 గ్రాములు, కాస్టిక్ సోడా 50, ట్రైసోడియం ఫాస్ఫేట్ (పన్నెండు నీళ్ల రకం) 100. క్లోరైట్ 80 శాతం టెక్నికల్ గ్రేడు దొరికితే 47 గ్రాములు వేయాలి. క్లోరైట్ వేరు, హైపోక్లోరైట్ వేరు, క్లోరేట్ వేరు. సీసా మీద అక్షరం అక్షరం చదవండి. ఫాస్ఫేట్ ఎండు రకం తెచ్చి 100 వేస్తే రెండింతలు పైగా పడ్డట్టే. వేడి 96 డిగ్రీలు, మూడు అటూ ఇటూ. కోరాపుట్ ఎత్తులో (దాదాపు 870 మీటర్లు) మామూలు నీరే 97 దగ్గర మరుగుతుంది. అక్కడ చేసేవాళ్లు మరిగే దాకా ఆగి "ఇంకా వేడెక్కలేదు" అనుకోకండి. గాజు లేదా స్టెయిన్‌లెస్ పాత్ర. అల్యూమినియం గిన్నె అయితే కాస్టిక్ తినేసి హైడ్రోజన్ వదులుతుంది.

ముందు శుభ్రత: అసిటోన్‌లో పది నిమిషాలు, తర్వాత ఐసోప్రొపనాల్, నీళ్లు, 2 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పది నిమిషాలు. ఆమ్లం తడి ఉండగా క్లోరైట్ స్నానంలో పెట్టొద్దు. క్లోరిన్ డయాక్సైడు వాయువు వస్తుంది, విషం, పేలుతుంది కూడా. మూడు మార్లు కడిగి ఆఖరి నీళ్లని పీహెచ్ కాగితంతో చూశాకే. స్నానంలో పది నిమిషాలు చాలు. కత్తులు దాదాపు మైక్రాను ఎత్తు దగ్గర తమంతట తామే ఆగుతాయి. మఖమల్ నలుపు రావాలి. వేలికి మసిలా అంటితే రాగి సరిగా శుభ్రపడలేదు, మళ్లీ మొదటికి.

సిలేన్: టోలుయీన్‌లో 5 శాతం, మూత పాత్రలో ద్రావణం ట్యూబుకి తగలకుండా, దాని ఆవిరి మాత్రమే సోకేలా, 80 నుంచి 90 డిగ్రీల్లో మూడు గంటలు. మన తీరం వైపు శ్రావణ మాసంలో ఇది చేస్తే గాలి తేమకే సిలేన్ తనలో తాను గడ్డకట్టి తెల్ల చుక్కలు పడతాయి. పాత్రని ముందు సిలికా జెల్‌తో ఎండబెట్టుకోండి.

---

మహేంద్రగిరి_88 (పర్లాకిమిడి) | గురువారం, ఉదయం 8:00

ఇన్ని తిప్పలెందుకు, నూనే లేకుండా చేస్తే? 2016లో వాంగ్, మెకార్తీ చూపించినది: ఐసోప్రొపనాల్‌లో డైమీథైల్ డైమీథాక్సీ సిలేన్ 10 శాతం, సల్ఫ్యూరిక్ ఆమ్లం 1 శాతం. ముంచి తీసి తేమ గాలిలో ఆరబెడితే సిలికోన్ గొలుసులు ఒక కొస ఉపరితలానికి అతుక్కుని రెండో కొస ద్రవంలా ఊగుతుంది. పోవడానికి విడి నూనే లేదు. మందం నానోమీటర్లలో కాబట్టి కొలాబ్ గారి పాయింట్లలో దాదాపు సున్నా.

---

తలతన్యత_బరంపురం | గురువారం, ఉదయం 9:10

నాకూ ఇష్టమైన దారి అదే. కానీ అది నున్నటి గాజు మీద, సిలికాన్ మీద అందంగా వస్తుంది. కండెన్సర్ ట్యూబు గీతలున్న లోహం, చుక్క గీతలో ఇరుక్కుంటుంది. ఆ అతుకు కూడా సిలికాన్-ఆక్సిజన్ బంధమే, ఆవిరి తెంపగలదు. రాగి మీద నేరుగా వేసేకంటే మధ్యలో పలచటి సిలికా పొర ఉంటే మేలు. నూనె కరువైతే మళ్లీ పోయొచ్చు, గొలుసు తెగితే ట్యూబు విప్పాలి.

---

నాగావళి_బాయిలర్ (రాయగడ) | గురువారం, మధ్యాహ్నం 12:40

మళ్లీ పోయడం అన్నారు కదా, నాకు కుదిరేదిగా తోచేది అదొక్కటే, అదీ మూసిన చిన్న వలయంలో. ట్యూబు గోడ లోపల సింటర్ చేసిన (పొడిని వేడితో అతికించిన, సందులున్న) రాగి పొర పెట్టి దాన్ని నూనె తొట్టిగా వాడాలి, లేదా పై అంచున సన్న గొట్టంతో గంటకి ఇన్ని మిల్లీగ్రాములని వదలాలి. కింద కండెన్సేట్ తొట్టిలో నూనె తేలితే తీసి మళ్లీ వాడాలి. బాయిలరుకి వెళ్లని నీరయితేనే సుమా. రిఫ్రిజరెంట్ వలయాలంటారా, అక్కడ కంప్రెసర్ నూనే రిఫ్రిజరెంట్‌లో కరిగి తిరుగుతాది, నువ్వు పోసిన నూనె విడిగా ఎక్కడ నిలుస్తాది?

వంశధార బాబూ, ఇంక తూచే పద్ధతి రాసుకో. 0.1 మి.గ్రా. చూపే త్రాసు. రెండు, పది, ముప్పై కిలోల కండెన్సేట్ దగ్గర ఆపి, ట్యూబుని తుడవకుండా వాక్యూమ్ డెసికేటర్లో 60 డిగ్రీల్లో రెండు గంటలుంచి తూచు. నూనె కింద చిక్కుకున్న నీరు పోకపోతే అంకెలన్నీ అబద్ధం. పక్కన నూనె పట్టించిన ఇంకో ట్యూబుని ఆవిరి చూపించకుండా ఉంచి దాన్నీ అలగే తూచు. దాని తరుగు నూనె ఆవిరైనది, మొత్తం తరుగులోంచి అది తీసీ. మొదటి రెండు కిలోల్లో పోయింది అదనపు నూనె, దాన్ని మన్నిక లెక్కలో కలపొద్దు. తర్వాతి పీపీఎం నాకు కావాలి.

---

వంశధార_గుణుపురం | గురువారం, రాత్రి 8:50

అలాగే చేస్తానండి. ఈసారి రెండు ట్యూబులు: ఒకటి 100 నూనె 24 గంటలు కార్చినది, ఇంకోటి హెక్సేన్‌తో వేసిన 1000. రెండో దాని కింది అంచున రెండు మిల్లీమీటర్ల వెడల్పున పూత లేని గీత వదులుతున్నాను, వేలాడే చుక్కలు నూనె మీద కాకుండా బోసి రాగి మీద కూర్చుంటాయని. ఇంకొక్క మాట, వాడేసిన క్లోరైట్ స్నానం ఏం చేయాలి? మా దగ్గర సింకులో పోసేస్తున్నారు.

---

తలతన్యత_బరంపురం | గురువారం, రాత్రి 9:20

గీత ఆలోచన బాగుంది, కానీ నూనె, గీత రెండూ ఒకే ట్యూబులో మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. గీతని 100 నూనె ట్యూబుకి జోడీగా మూడోదాని మీద పెట్టండి.

స్నానం సింకులో వద్దు, అదే గొట్టంలోకి ఎవరో ఆమ్లం పోస్తారు. చల్లారాక ప్లాస్టిక్ డబ్బాలో, మూత కొంచెం వదులుగా, "క్లోరైట్, ఆమ్లం తగలనీయకూడదు" అని ఒడియాలోనూ తెలుగులోనూ రాసి రసాయన వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లకే ఇవ్వండి. ఒలికితే గుడ్డతో తుడిచి ఆ గుడ్డని అలా వదిలేయకండి, ఆరాక అది నిప్పురవ్వకే అంటుకుంటుంది. నీళ్లతో బాగా కడిగేయండి.